ముదరని చెక్క

చిన్నాన్న పోయాడన్న కబురు వాళ్ళ పక్కింటి టైలరు ఫోన్‌లో చెప్పాడు. ఎండలు ముదురుతున్న రోజులు. శ్రీకాకుళంలో నేను పాఠాలు చెప్పే స్కూలుకి బయల్దేరి, ఆటో కోసం రోడ్డు మీద నిలబడి ఉన్నాను. "మీ సిన్నాన్న నేడమ్మా. పొద్దున్నే ఉలి పట్టుకున్నాడు, అలాగే ఒరిగిపోనాడు" అన్నాడు. రోడ్డుకి అవతల ఓ హోటలు బోర్డు ఉంది. అంచులు కాలి నల్లబడ్డ చెక్క, అక్షరాల మధ్య బూడిద రంగు. చిన్నాన్న చెక్కిందే. పోయిన దసరాకి తగిలించారు గానీ, చూసినవాళ్ళు హోటలాయన తాతల నాటిదనుకుంటారు. దానికేసి చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో, ఆటోలు వచ్చి వెళ్ళిపోతూనే ఉన్నాయి.

చిన్నాన్న అంటే మా నాన్నకి ఒక్కగానొక్క తమ్ముడు. మా ఇంట్లో మగవాళ్ళందరూ సముద్రం మీద బతికినవాళ్ళే. ఈయనకి మాత్రం పడవెక్కితే కడుపులో తిప్పేది. మొదటిసారి వేటకి తీసుకెళ్తే, వల దిగకముందే తను పడవ అంచు మీద వాలిపోయాడట. "ఈడు సేపలు పట్టడం నేదు, సేపలకి మేత యేస్తన్నాడు" అని నాన్న ఊరంతా చెప్పి నవ్వేవాడు. ఆ నవ్వులు పడలేక చిన్నప్పుడే ఆమదాలవలస వెళ్ళి ఓ వడ్రంగి దగ్గర పనికి కుదిరాడు. తర్వాత అక్కడే స్టేషను రోడ్డులో రేకుల షెడ్డు వేసుకుని బోర్డులు చెక్కడం మొదలుపెట్టాడు.

ఈమధ్య అందరికీ పాత బోర్డులే కావాలి. నిన్న తెరిచిన టీ కొట్టుకి కూడా నూరేళ్ళ బోర్డు. అలాంటివి చేయడంలో చిన్నాన్నది అందె వేసిన చెయ్యి. అక్షరాలు చెక్కడం అయ్యాకే అసలు పని. చెక్కని మంట మీద పైపైన కాల్చి, వైరు బ్రష్షుతో తోమేవాడు. మెత్తటి భాగం రాలిపోయి గట్టి చారలు మిగిలేవి, ముసలివాళ్ళ చేతి మీద నరాల్లా. తర్వాత టీ డికాషను పూసి ఆరబెట్టి, తుప్పుమేకులు నానబెట్టిన పుల్లగంజి పూసేవాడు. చూస్తుండగానే చెక్క బూడిద రంగుకి దిగిపోయేది. ఆ కంపుకి పిన్ని ముక్కు మూసుకుని, "ఇంట్లో ఒక ముసిలోడు సాలడేటి, ఈ ముసిలి సెక్కలన్నీ నాకెందుకు" అని తిట్టేది. ఆయన నవ్వేవాడు. "సెక్కని కంగారు పెట్టకూడదే" అనేవాడు నాతో. "కొసరి కొసరి తవ్వితే అచ్చరం, కోపంగా తవ్వితే గొయ్యి."

అంత ఓపికస్తుడు తొందరపడింది ఒక్కసారే. ఆ ఒక్కసారీ మా నాన్న పడవ మీదే.

మా తాత చేయించిన చెక్క పడవ అది. అందరిలాగే నాన్న కూడా ఫైబరు పడవ కొనుక్కున్నాక, పాతది ఒడ్డున బోర్లా పడి ఉండేది. "ఇసకలో సెదలకి పెట్టేకన్నా నీ సేతిలో పడితే నలుగురు సూస్తారు, అట్టుకెల్లు" అని నాన్నే తమ్ముడికి ఇచ్చేశాడు. ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు. చెప్పాల్సిన పని ఉందని ఆయనకి తోచలేదు.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. ఏటా వేట నిషేధం అయిపోయి పడవని నీళ్ళలోకి దించే రోజు, నానమ్మ పసుపుని నువ్వుల నూనెలో కలిపి, అరచెయ్యి ముంచి, పడవ ముక్కు లోపలి చెక్క మీద ఒత్తేది. ఏ ఏడైనా అదే చోట. బయటికి కనపడదు గానీ పడవ నడిపేవాడికి ఎదురుగా ఉంటుంది. నానమ్మ పోయాక కూడా ఆ చెయ్యి అక్కడే ఉంది. పసుపు పోయి గోధుమ రంగు తిరిగింది. తెలియనివాడు చూస్తే చేపనూనె మరక అనుకుంటాడు. పడవ దించే రోజుల్లో ఒడ్డున ఎప్పుడూ లేని చిన్నాన్న అదే అనుకున్నాడు.

బీచి పక్కన కొత్తగా కట్టిన రిసార్టువాళ్ళు పాత పడవ చెక్కతో బోర్డు అంటే ముచ్చటపడ్డారు. తీరా చెక్కని చూసి, మరకలున్నాయి, కంపు కొడుతోంది, పాతగా ఉండాలి గానీ శుభ్రంగా ఉండాలి అన్నారు. చిన్నాన్న దానికి చిత్రిక పట్టాడు. ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళు తాగిన పొరంతా చుట్టలు చుట్టుకుని నేల మీద రాలింది. కొత్తదైపోయిన చెక్క మీద రిసార్టు పేరు చెక్కి, మళ్ళీ కాల్చి, మళ్ళీ తోమి, గంజి పూసి ముసలిదాన్ని చేశాడు. పాత చెక్కని కొత్తది చేసి మళ్ళీ పాతది చేసిన వెర్రోణ్ణి నేనొక్కణ్ణే అని తర్వాత తనని తనే తిట్టుకునేవాడు.

ఆ బోర్డు చూపించడానికి నాన్ననీ నన్నూ ఎంతో సంబరంగా తీసుకెళ్ళాడు. నాన్న దగ్గరికెళ్ళి చెక్కని ముందూ వెనకా తడిమాడు.

"ఇది ముక్కుసెక్క కదరా. అమ్మ సెయ్యి ఏది?"

చిన్నాన్నకి అర్థం కాలేదు. నాన్న చెప్పాక మొహం పాలిపోయింది. "నువ్వు సెప్పనేదు అన్నయ్యా" అన్నాడు.

"అమ్మ సెయ్యి ఎక్కడుందో కొడుక్కి సెప్పాలేటి?"

అంతే, నాన్న బస్సెక్కేశాడు. మళ్ళీ తమ్ముడి గడప తొక్కలేదు. పెళ్ళిళ్ళలో ఒకే పందిట్లో కూర్చుని కూడా మాట్లాడుకునేవారు కాదు. ఒకసారి భోజనాల దగ్గర నాన్న వడ్డించే అతన్ని పిలిచి, "ఆ సివర కూకున్నోడికి వంకాయ పడదు, ఎయ్యకండి" అన్నాడు.

ఆ మరుసటి ఏడు చిన్నాన్న నన్ను షెడ్డుకి పిలిచాడు. మా పడవదే, ముక్కుచెక్క పక్కన ఉండే చెక్క, ఇంకా చిత్రిక తగలనిది, బల్ల మీద పెట్టి ఉంది. పక్కనే గిన్నెలో నూనెలో కలిపిన పసుపు. పొట్టి బొటనవేలితో సహా నాది అచ్చం నానమ్మ చెయ్యేనని ఇంట్లో అందరూ అంటారు. "ఒత్తవే గుంటా" అన్నాడు. ఒత్తాను. దాన్ని పాతది చేయాలని తనకి తెలిసిన విద్యలన్నీ ముందు వేరే చెక్కముక్కల మీద ప్రయత్నించాడు. గంజి పడితే పసుపు నల్లబడిపోయేది, మంట తగిలితే మాడిపోయేది. చివరికి చేతులెత్తేశాడు. "దీన్ని మోసం సెయ్యలేమే. అమ్మ ఒత్తినట్టే ఏడాదికోపాలి ఒత్తాలి, ఎండకీ వానకీ వదిలెయ్యాలి. ముదిరినాక అన్నయ్యకిస్తాను."

ఈ సంగతి నేను నాన్నకి చెప్పకుండా ఉండలేకపోయాను. ఆయన వల అల్లుతూ తలెత్తకుండానే, "ముదిరినాక తెమ్మను, సూద్దాం" అన్నాడు.

ఆ మాటే వెళ్ళి చిన్నాన్నకి చెప్పాను. అప్పటినుంచీ ఏటా పడవలు దించే రోజుల్లో ఆమదాలవలస వెళ్ళి అదే చోట చెయ్యి ఒత్తి వచ్చేదాన్ని. ఇంటికి రాగానే నాన్న ఎటో చూస్తూ, "ఏటంతన్నాడు మీ సిన్నాన్న? ముదిరిందట్నా?" అనేవాడు. "ఇంకా లేదట" అనేదాన్ని. చిన్నాన్న ఆ చెక్కని వెలుతురులోకి తిప్పి చూసి, గోటితో గీరి, "అన్నయ్య ముదిరినాక తెమ్మన్నాడు కదా. ఇంకో ఏడు సూద్దాం" అనేవాడు. నాన్న ఏదో కినుకగా అన్న మాటని ఆయన కొలతలా పట్టుకున్నాడు. మీరే చెప్పండి, అన్న కోపం తగ్గడానికి చెక్క ముదరాలా? ఇద్దరికీ మధ్య తిరిగినదాన్ని, మాటలు మోశాను గానీ ఆ మాటలంటున్నప్పటి మొహాలు మోయలేకపోయాను. ఒక్క ఏడు ఆ చెక్కని నేనే ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చేసి ఉంటే ఎంత బావుండేదో అని ఇప్పుడు కుమిలిపోతున్నాను.

దహనం రోజున నాన్న మళ్ళీ ఆ గడప తొక్కాడు. పెద్దకర్మ అయ్యాక, "ఆ సెక్క ఏదే?" అని నన్నడిగాడు. షెడ్డు వెనక చూరు కింద ఆనించి ఉంది. ఎండా వానా సగం సగం పడేలా చిన్నాన్న ఎంచిన చోటు. నాన్న ముందు దూరం నుంచి చూశాడు, తర్వాత దాని ముందు చతికిలబడ్డాడు. పాత పసుపు చెక్క చారల్లోకి ఇంకి గోధుమ రంగు తిరిగింది. వేళ్ళు ఐదూ ఉన్నాయి, పొట్టి బొటనవేలితో సహా.

"ముదిరిపోనాది కదే" అన్నాడు. "ఎప్పుడో ముదిరిపోనాది. ఇంకేటి సూసినాడే ఈడు?"

పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది. "తేలేకపోనాడు బావా. నువ్వు బాగోలేదంటే ఇంకోపాలి సెయ్యడానికి ఓపిక నేదనేవోడు" అంది. నాన్న తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నానేదో కోపానికన్నాను. ఊరికే ఒచ్చినా సాలును కదరా" అంటూనే ఉన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆ చెక్కని ఆటోలో ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను పట్టుకోనివ్వలేదు.

పోయిన నెల పడవలు దించారు. ఫైబరు పడవకి మేకులు దిగవు కాబట్టి, నాన్న ఆ చెక్కని ముక్కు లోపలివైపు నైలాను తాడుతో కట్టాడు. నన్ను పిలిచి పసుపు కలపమన్నాడు. పాత గుర్తు మీదే చెయ్యి ఒత్తాను. నాన్న వంగి తాడు ముడి ఇంకోసారి బిగిస్తూ, ఎవరూ వినడంలేదనుకుని, చెక్కతో అన్నాడు: "కడుపులో తిప్పితే సెప్పురా. ఎనక్కి తిప్పీస్తాను."

పడవ నీళ్ళలోకి దిగింది. లోపలి చెక్క ఒడ్డువైపే తిరిగి ఉంది. తెల్లటి పడవలో ఆ పసుపు చెయ్యి కెరటం ఎక్కినప్పుడు లేచి, దిగినప్పుడు నాన్న వీపు చాటుకి పోతూ చాలాసేపు కనిపించింది. మిగతా పడవలన్నీ ముందుకి దూసుకుపోయాయి. నాన్న మాత్రం ఆ రోజు పడవని చాలా నెమ్మదిగా పోనిచ్చాడు.