ఆమె చదివిన దస్తావేజులు

అరవైల చివర నేను యూనివర్సిటీలో చరిత్ర పరిశోధన చేస్తూ, సీతాఫల్‌మండిలో ఒక గది అద్దెకు తీసుకుని నా భార్యతో ఉండేవాణ్ణి. మాది అనంతపురం వైపు పల్లె. ఆమె లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగింది. తార్నాకలో ఇళ్ల ప్లాట్లుగా మారిన పొలాలు మొదట ఎవరివో, ఎవరి చేతుల మీదుగా ఎవరికి వచ్చాయో పాత దస్తావేజులు చూసి రాయడం మా ప్రొఫెసర్ నాకు అప్పగించిన పని. అవన్నీ ఉర్దూలో ఉండేవి. నాకు ఉర్దూ ఒక్క అక్షరం రాదు. ఆమె మాత్రం బడి చదువంతా ఉర్దూ మీడియంలోనే చదివింది.

"నేను చదువుత, మీరు రాసుకోన్రి. దానికెందుకంత ఫికర్?" అంది, పెళ్లయిన కొత్తలోనే.

ఆదివారాలు ఇద్దరం తార్నాక వీధులు తిరిగేవాళ్లం. నేనొక్కణ్ణే వెళితే గేటు దగ్గరే నిలబెట్టి, పన్ను వసూలుకు వచ్చావా అని అడిగేవారు. ఆమె పక్కనుంటే లోపలికి పిలిచి, చాయ్ ఇచ్చి, ట్రంకుపెట్టె అడుగు నుంచి కాగితాలు తీసేవారు. ఇంటికి తీసుకుపోయి చదువుకొమ్మని కొందరు చేతికే ఇచ్చేశారు. ఆ నమ్మకం ఆమె మీదే.

మధ్యాహ్నాలు క్యాంపస్‌లో చెట్టు నీడన కూర్చునేవాళ్లం. ఆ దస్తావేజుల్లోది గొలుసుకట్టు రాత. తెలియని మాట వస్తే పెదాలతో రెండు మూడు రకాలుగా పలికి చూసుకునేది. కొన్నవాళ్ల పేర్లు, అమ్మినవాళ్ల పేర్లు గబగబా చదివేసేది. హద్దుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు నెమ్మదించేది. తూర్పున బావి, పడమట జొన్నచేను, ఉత్తరాన రైలు పట్టాలు. అలా చదివిన చోటికి వెళ్లి నిలబడి చూడనిదే ఆమెకు తోచేది కాదు.

ఒక దస్తావేజులో ఎవరో వితంతువు తన చేను అమ్మి వేలిముద్ర వేసింది. ఆ స్థలంలో ఇప్పుడు ఇల్లు కట్టుకున్న ముసలావిడనే ఆ వితంతువు గురించి అడిగాం.

"ఎర్కలేకేమమ్మ," అంది ఆవిడ. "చేనమ్మినంక గూడ వస్తుండె. గా బాయిల ఒక చెంబు నీళ్లు చేదుకొని తాగి, గీడనే అరుగు మీద కూసుండి పోతుండె. మేమెన్నడు వద్దనలే."

తిరిగి వచ్చేటప్పుడు నా భార్య రెండుసార్లు ఆగి బావి వైపు చూసింది.

"ఏం మ్మే, అంత ఆలోచన?" అన్నాను.

"ఏం లేదు. అమ్మిన్నాడు ఆమెకు అన్నం సయించి ఉండదు," అంది.

అప్పటికి ఆమెకు అయిదో నెల. ఏడో నెలలో కామెర్లు వచ్చాయి. మందులు వాడుతూనే ఉన్నాం, కళ్లు పచ్చబడుతూనే పోయాయి. ఆసుపత్రిలో చేర్చిన రోజు నా చెయ్యి పట్టుకుని, "ఎవల కాగితాలు వాళ్లకు ఇచ్చిరాన్రి. నన్ను నమ్మి ఇచ్చిన్రు," అంది. ఇంటికొచ్చాక ఇద్దరం కలిసి ఇద్దామన్నాను. సరేనన్నట్టు తలూపింది. బిడ్డ కడుపులోనే పోయింది. ఆ మర్నాడు ఆమె పోయింది.

దినాలయ్యాక కాగితాలు సంచిలో పెట్టుకుని తార్నాక వెళ్లాను. ప్రతి ఇంట్లోనూ ఆమె ఏదని అడిగారు. చెప్పాను. విన్నవాళ్లు కన్నీళ్లు పెట్టుకుంటుంటే వాళ్ల ముందు నిలబడలేక తొందరగా వచ్చేశాను. చివరికి బావి ఉన్న ఇంటికి చేరేసరికి నాలో చెప్పే శక్తి మిగల్లేదు.

"పిల్ల రాలేదేంది?" అంది ముసలావిడ.

"పుట్టింట్లో ఉందమ్మా."

"కాన్పుకు పోయిందా?"

"ఆ."

ఆవిడ లోపలికి వెళ్లి చిన్న జాడీలో మామిడికాయ తొక్కు తెచ్చింది. "కడుపుతోటి ఉన్నది. నోటికి పుల్లగ కావాలనిపిస్తది. నేనిచ్చిన్నని చెప్పు," అంది.

దాన్ని మా గదికి తీసుకుపోలేకపోయాను. ఆ జాడీ పట్టుకుని లాలాగూడ దాకా నడిచాను. తలుపు తీసిన అత్తగారు జాడీ వంక చూసింది.

"ఎవలిచ్చిన్రు బిడ్డా?"

తార్నాకలో బావి ఉన్న ఇంటి ముసలావిడ తన కూతురికని ఇచ్చిందని చెప్పాను. ఆమె పీట వేసి, కంచంలో అన్నం పెట్టి, దాని పక్కన ఆ తొక్కు వేసింది. తనూ ఒక కంచం పెట్టుకుని నా ఎదురుగా కూర్చుంది. ఇద్దరం రెండు ముద్దలు కూడా తినలేకపోయాం.

"ఆమెకు నిజం చెప్పినవా?" అని అడిగింది కంచం పక్కకు జరిపి.

"లేదు. రేపు పోయి చెప్తాను."

"చెప్పకు బిడ్డా. గా ఒక్క ఇంట్లనన్న నా పిల్లను బతకనియ్యి."

నేను మళ్లీ ఆ వీధికి వెళ్లలేదు. ప్రొఫెసర్ ఉర్దూ చదివేందుకు ఇంకొకరిని చూస్తానన్నారు. వద్దని చెప్పి, వేరే అంశం తీసుకున్నాను.