బోరింగు దగ్గర రహస్యాలు

పాతికేళ్ల వయసులో మనకుండే తెలివి మీద నాకిప్పటికీ గౌరవమే. అంత ధీమాగా తప్పులో కాలెయ్యడం ఆ తర్వాత చేతకాదు. ఆ రోజుల్లో నేను ఢిల్లీ లక్ష్మీ నగర్‌లో కోచింగు ముగించి, కేంద్ర బలగాల పరీక్ష పాసై, బస్తర్ అడవిలో ఒక పల్లెను ఆనుకుని ఉన్న చిన్న క్యాంపుకి అధికారిగా దిగాను. తీవ్రవాదుల్ని వెతకాలి, పల్లెవాళ్ల మనసు గెలవాలి అని పై నుంచి ఆదేశం. (ఏది ముందో చెప్పలేదు.) క్యాంపులో తెలుగువాళ్లం నేనూ, వైర్‌లెస్ చూసే శ్రీకాకుళం హవల్దారూ ఇద్దరమే. పల్లెవాళ్లు మాట్లాడేది గోండి. కాబట్టి తెలుగు మా రహస్య భాష అని తీర్మానించుకుని, ఊరి బోరింగు దగ్గర స్నానాలు చేస్తూ అన్నీ గట్టిగానే చెప్పుకునేవాళ్లం. ఊరిపెద్ద మీసం అరిగిపోయిన బూటు బ్రష్షులా ఉందనుకున్నాం. పక్కనే ఇప్పపువ్వు ఎండబోసుకునే ముసలమ్మ చూపుకే క్యాంపు అంటుకునేలా ఉందనుకున్నాం. ఆమె మాత్రం మా మాటలకి తలెత్తేది కాదు.

ఒక సాయంత్రం సబ్బు నురగలోంచే హవల్దారు, రేపు గస్తీ ఏ దారని అడిగాడు.

"వాగు దారే. నాకు ఇప్పట్నుంచే కాళ్లు వణుకుతున్నాయి, కుర్రాళ్లకి చెప్పకు," అన్నాను.

ముసలమ్మ చేట కింద పెట్టింది. "మెల్లగ మాట్లాడు సారూ. ఊరంత ఇనవడ్తాంది."

నా చేతిలో చెంబు జారిపోయింది. ఏటేటా మిరప కోతలకి ఖమ్మం వైపు వెళ్లొచ్చేవాళ్లట, సగం ఊరికి తెలుగు వచ్చట. బూటు బ్రష్షు మాట ఊరిపెద్దకి ఎప్పుడో చేరిందట, మనవలు ఆయన్ని అలాగే పిలుస్తున్నారట. హవల్దారు బోరింగు వెనక నక్కాడు. (తువ్వాలు నా దగ్గరుంది.) అంతవరకూ మేము అరిచి చెప్పుకున్న దారులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఒక్క మాట అడవిలోకి చేరి ఉంటే మేం మిగిలేవాళ్లం కాదు. మరి ఎందుకు చెప్పలేదని అడిగాను. మా పిల్లలు కట్టెలకి పోయేదీ ఆ దారినే, మందుపాతర మనిషిని చూసి పేలదు కదా అన్నట్టు ఏదో చెప్పి, నా ముఖంలోకి చూసింది.

"నీకు భయమని రోజూ ఇనుకుంటనే ఉన్న. మాకు గూడ భయమే. మీరొచ్చినంక ఇంకింత ఎక్కువైంది."

నురగ కళ్లలోకి దిగుతున్నా తుడుచుకోలేకపోయాను. మర్నాడు దారి మార్చాం. ఎటు వెళ్తున్నామో గేటు దాటేదాకా హవల్దారుకి కూడా చెప్పలేదు. (వారం రోజులు అలిగాడు.) ముసలమ్మ మనసు నేనేమీ గెలవలేదు. కాకపోతే తర్వాత్తర్వాత నా గోదావరి యాసని వెక్కిరించేది.

ఇప్పుడు మయూర్ విహార్ ఫ్లాటులో ఈ కథ చెబితే, మా అమ్మాయి అంతా తెలుగులో విని, "పాపా, ఆప్‌కో సచ్ మే డర్ లగ్తా థా?" అని హిందీలో అడుగుతుంది. చాలా భయమేసేదమ్మా అంటాను. కిటికీలు తెరిచే ఉంటాయి, పక్క ఫ్లాటులో తెలుగువాళ్లే. విననీ. కళ్లలో నురగతో నిలబడిపోయిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నాకు నవ్వుతోబాటు కాస్త ముద్దు కూడా వస్తుంది.