డబడబ మేడమ్

ఆమె వెళ్ళేసరికి ఎక్కడైనా ఏదో అప్పుడే అయిపోయినట్టుండేది. తెర ఇంకా ఊగుతూ ఉండేది. చెంచా ఒకటి నేలమీద దొర్లి దొర్లి ఆగేది. పిల్లలు వరసగా కూర్చుని, ముందున్న పళ్ళేల వైపు కాకుండా గుమ్మం వైపు చూస్తూ ఉండేవారు. గిన్నెల మీద మూతలు, మేకుకి తువ్వాలు, మూలన చీపురు, అన్నీ ఉండాల్సిన చోటే ఉండేవి. తప్పు పట్టడానికి ఏమీ ఉండేది కాదు. అదే ఆమెకు మింగుడుపడేది కాదు.

సర్కారు సొమ్ముతో నడిచే పిల్లల కేంద్రాల్లో మధ్యాహ్నం భోజనం సరిగ్గా పెడుతున్నారా లేదా అని తిరిగి చూడటం ఆమె ఉద్యోగం. వండింది పిల్లలకే అందుతోందా, గుడ్డు రోజూ ఉంటోందా, పాలలో నీళ్ళెన్ని, వంటింట్లో ఈగలెన్ని. చిన్నప్పటి నుంచీ కాలు ఒకచోట నిలవని మనిషి. "దీన్ని ఎత్తుకుంటే చంకలో కూడా నడుస్తుంది" అనేదట వాళ్ళమ్మ. కుర్చీ అంచున కూర్చుని, ఇచ్చిన టీ సగం తాగి, "వస్తా మరి" అంటూ లేవడం ఆమె పద్ధతి. ఇంట్లో అన్నం కూడా నిలబడే తినేది. తిరిగే ఉద్యోగం దొరికింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఏ ఆఫీసు కుర్చీ ఆమెను భరించేది కాదు.

తిరగడానికి ఒక పాత స్కూటర్. దాని సైలెన్సర్‌కి ఎప్పుడో చిల్లు పడింది. ఆమె వీధి మొదట్లో ఉండగానే ఆ సంగతి గోడలకీ, కిటికీలకీ, అరల్లోని గిన్నెలకీ తెలిసిపోయేది. అందుకే కేంద్రాలన్నిటిలో ఆమె పేరు డబడబ మేడమ్. ఆ పేరు చెవిన పడినా ఏమీ అనుకునేది కాదు, నవ్వుకునేది. ఇంకా నవ్వొచ్చే సంగతి ఏమిటంటే, ఆమె భర్త స్కూటర్ల మెకానిక్.

"ఊళ్ళో వాళ్ళ బళ్ళన్నీ పిల్లుల్లా పోతుంటాయి. నాది మాత్రం ఇలా అరుస్తుంది. చూడవా దీన్ని?" అని అడిగేది అప్పుడప్పుడూ.

"చూస్తా, చూస్తా. టోకెన్ తీసుకుని లైన్లో నిలబడండి మేడమ్ గారూ."

"పెళ్ళైనప్పటి నుంచీ లైన్లోనే ఉన్నా."

లోపలి నుంచి అత్తయ్య అడ్డం వచ్చేది. "ఉండనీరా. ఆ చప్పుడు వినే కదా నేను టీ నీళ్ళు పడేసేది. అది లేకపోతే నా కోడలు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో నాకేం తెలుస్తుంది?"

అలా చిల్లు చిల్లుగానే ఉండిపోయింది.

అసలే కుదురు లేని ఆమెను ఆ ఏడాది ఒక పిల్ల మరీ కుదురు లేకుండా చేసింది. బట్టలకు రంగులు అద్దేవాళ్ళుండే సందులో ఒక కేంద్రం ఉంది. ఆ సందులో మురుక్కాలువ ఒకరోజు నీలంగా, ఒకరోజు ఎర్రగా పారేది. పైన తాళ్ళమీద తడిబట్టలు ఆరుతూ ఎండను రంగురంగులుగా వడకట్టేవి. ఆ కేంద్రంలో నాలుగేళ్ళ పిల్ల ఒకతి బరువు పెరగడం లేదు. అందరూ దాన్ని పిచ్చుక అనేవారు. నర్సు వచ్చి తూచినప్పుడల్లా ముల్లు అక్కడే. పోయినసారి కాస్త వెనక్కి కూడా జరిగింది. డాక్టరు చూసి, జబ్బేమీ లేదు, తిండి చాలడం లేదన్నాడు.

ఆఫీసరు ఆమెను పిలిచాడు.

"తిండి చాలడం లేదంటే అర్థమేమిటమ్మా? మనం పంపేదంతా ఎటు పోతోంది?"

"నేను చూసినప్పుడల్లా పళ్ళేలు నిండుగానే ఉంటున్నాయి సార్."

"మీరు చూసినప్పుడు ఉంటాయి. చూడనప్పుడో? ఆ వంటామె ఇంటికి మోసుకుపోతోందేమో. వచ్చే తూకంలోగా కారణం తెలియాలి. తెలియకపోతే ఆవిణ్ణి తీసేసి ఇంకొకళ్ళని పెడదాం. ఎవరో ఒకరు జవాబు చెప్పాలి గదా!"

ఆ వంటామెను పిల్లలూ పెద్దలూ వంటక్క అనే పిలిచేవారు. పెద్ద గొంతు, పెద్ద చేతులు, లేవాలంటే గోడ పట్టుకోవాల్సిన మోకాళ్ళు. ఈ పని పోతే ఇంకో చోట పొయ్యి దగ్గర నిలబడే వయసు కాదు.

అప్పటి నుంచి ఆమె ఆ కేంద్రం మీద కన్నేసింది. అంతకుముందు వారంలో రెండు మూడుసార్లు వెళ్ళేది, ఇప్పుడు దాదాపు రోజూ. ఆగడానికి వీల్లేని రోజున కూడా భోజనం వేళకి ఆ సందులోంచే బండి పోనిచ్చేది, చప్పుడు వింటే భయమన్నా ఉంటుంది కదా అని. లోపలికి వెళితే అదే వరస, అవే పళ్ళేలు, అవే గుమ్మం వైపు చూపులు.

"పిచ్చుక ఏది?"

"తినేసి పడుకుంది మేడమ్."

ఒకసారి సామాన్ల గది తెర ఎత్తి చూసింది. లోపల బియ్యం బస్తాల పక్కన, చాపమీద, గోడవైపు తిరిగి పడుకున్న చిన్న వీపు. గౌనుకు వెనక గుండీ ఒకటి ఊడింది. ఆ సందులోంచి వెన్నుపూసలు ఒక్కొక్కటే కనిపించాయి, గులకరాళ్ళు పేర్చినట్టు. తెర వదిలేసింది. అందరికంటే ముందు తినేసే పిల్ల ఇలా చిక్కిపోవడమేమిటి?

ఆ ప్రశ్న స్కూటర్ ఎక్కి ఆమె వెంటే తిరిగింది. వేరే కేంద్రంలో గుడ్లు చూస్తుంటే ఈ కేంద్రం గుడ్లు గుర్తొచ్చేవి. సందు మలుపు దాకా పోయి చటుక్కున వెనక్కి తిప్పేది. గిన్నెల్లోకి వంగి వాసన చూసేది. ఒకరోజు పెన్ను వెతుకుతున్నట్టు నటిస్తూ వంటక్క సంచీలో చెయ్యి పెట్టింది. వంటక్క గరిటె పట్టుకుని అలాగే చూసింది.

"మోకాళ్ళ నొప్పి బిళ్ళలున్నాయి మేడమ్. కావాలంటే మీరూ ఒకటి వేసుకోండి, అంత తిరుగుతున్నారు కదా."

ఆమెకు తల తీసేసినట్టయింది. అయినా మర్నాడు మళ్ళీ వెళ్ళింది.

తూకం దగ్గరపడింది. ఒక ఉదయం స్కూటర్ అసలు స్టార్టే కాలేదు. భర్త షెడ్డు దాకా తోసుకుంటూ వెళ్ళింది.

"ఇప్పుడైనా లైన్లో నా నంబరు వచ్చిందా?"

"కార్బొరేటర్‌లో చెత్త చేరింది. కూర్చో, అరగంటలో ఇచ్చేస్తా."

"అరగంట కూర్చోవాలా?"

"అదీ నిజమే, నీకు నేనిచ్చే శిక్షలు మరీ పెద్దవి. పోనీ నడిచి వెళ్ళు, బాగుచేసి నేనే తెచ్చిస్తా."

నడిచింది. అడ్డదారిన రంగులవాళ్ళ పెరళ్ళ మధ్య నుంచి, తడిబట్టల కింద వంగుతూ వెళ్ళింది. ఒక పసుపు గుడ్డ భుజానికి తగిలి మరక చేసింది. కేంద్రం వెనకవైపు తేలింది. పెరట్లో కుళాయి ధార కింద వంటక్క పెద్ద గిన్నె తోముతోంది, వీపు ఇటు తిప్పి. వీధి అరుగు మీద టీచరమ్మ ఎవరో తల్లితో మాట్లాడుతోంది. ఆమె వంటింటి తలుపులోంచి లోపలికి నడిచింది.

ఎప్పుడూ అయిపోయిన గదే చూసింది. ఇవాళ గది ఇంకా జరుగుతూ ఉంది. ఒకడు చెంచాతో పళ్ళెం వాయిస్తూ పాడుతున్నాడు. ఇంకొకడు పచ్చసొన తీసి పక్కవాడి నుదుట బొట్టు పెడుతున్నాడు. నేలంతా మెతుకులు. మూలన ఒక పిల్ల పళ్ళెం ముందు పెట్టుకుని, చెంచాలో కాస్త అన్నం తీసుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నోట్లో పెట్టుకుని, నమిలి నమిలి, తర్వాత గుడ్డుతో ఏదో చెప్పి, మళ్ళీ చెంచా ముంచుతోంది. పళ్ళెంలో ఇంకా సగానికి పైగా ఉంది. గౌనుకు వెనక గుండీ లేదు.

ఆమె మూలకు నడిచింది. పిల్ల పక్కన నేలమీద కూర్చుంది. పిల్ల తిరిగి చూసింది. ఆ కళ్ళలో భయం లేదు. ఆమె ముఖం ఆ పిల్లకు తెలియదు.

"నువ్వెవరు?"

"నేనా... ఊరికే వచ్చాను."

"అన్నం తింటావా?"

"నువ్వు తిను."

"తింటున్నాగా. నాకు మెల్లిగా వస్తుంది అన్నం."

అప్పుడు వీధి చివర చప్పుడు మొదలైంది. ఆమె ముందు గుర్తుపట్టలేదు. ఎప్పుడూ దాని మీద కూర్చుని విన్నదే గానీ, అది తన మీదికి వస్తుంటే వినడం ఇదే మొదలు. డబడబడబ. కిటికీ రెక్క వణికింది. అరలో గ్లాసులు ఒకదాన్నొకటి తాకాయి. పాడేవాడి పాట తెగింది. నుదుటి మీది సొనను ఆ పక్కవాడు తనే తుడిచేసుకున్నాడు. చిన్న అరచేతులు నేలమీది మెతుకుల్ని చాపల కిందికి తోసేశాయి. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు.

పిచ్చుక లేచింది. పళ్ళెం రెండు చేతులా పట్టుకుని, ఒలక్కుండా చూసుకుంటూ తెర దగ్గరికి నడిచింది. అక్కడ ఆగి వెనక్కి చూసింది. పళ్ళెం కింద పెట్టి, తిరిగొచ్చి ఆమె వేలు పట్టుకుని లాగింది.

"రా, డబడబ వస్తోంది. నువ్వసలు తినడమే మొదలెట్టలేదు. నిన్ను చూస్తే ఇంకేమైనా ఉందా!"

ఆమె వెళ్ళింది. తెర వెనక చీకటి, బియ్యం వాసన. పిల్ల పళ్ళేన్ని బల్ల కిందికి తోసి, చాపమీద గోడవైపు తిరిగి పడుకుంది.

"కళ్ళు మూసుకో. పోయాక చెప్తారు."

"పోయాక మళ్ళీ తింటావా?"

"ఊహూఁ. చల్లగా అయిపోతుంది. ఆకలి కూడా పోతుంది."

గుమ్మం ముందు చప్పుడు ఆగింది. "మేడమ్ గారూ, మీ గుర్రం వచ్చింది!" అని భర్త కేక. తడిచేతులతో పరుగెత్తుకొచ్చిన వంటక్క గొంతు: "మేడమ్ ఏరి? బండి మీరు తెచ్చారేం?" ఇంకాసేపటికి తెర లేచింది. వెలుతురులో వంటక్క నిలబడిపోయింది. లోపల బియ్యం బస్తా మీద మేడమ్, చాపమీద కళ్ళు గట్టిగా మూసుకున్న పిల్ల.

"ఇంకేం, చూశారుగా" అంది వంటక్క. పెద్ద గొంతు చిన్నదైపోయింది.

"ఎందుకిలా?"

"మీరే అన్నారు గదా మేడమ్, పోయిన వానాకాలం. పళ్ళెంలో మిగిలితే వృథా కింద రాస్తా, పైవాళ్ళకి ఎవరు చెప్పుకుంటారు అని. ఈ పిల్ల పళ్ళేన్నే వేలు పెట్టి చూపించారు. ఇది ఒక పట్టాన తినదు. మీరేమో సరిగ్గా దాని సగం పళ్ళెం వేళకే వస్తారు. మొదట్లో నేనే ఎత్తుకెళ్ళి లోపల పెట్టేదాన్ని. తర్వాత చప్పుడు వినగానే అదే లేచిపోవడం మొదలెట్టింది. ఆ తర్వాత ముద్దలు కలిపి పెట్టినా నోరు తెరవదు."

"నేను ఆగకుండా పోయిన రోజుల్లో?"

"మీరు ఆగుతారో పోతారో చప్పుడుకేం తెలుసు మేడమ్?"

వానాకాలం, ఒక కాలు గడపకు అవతల పెట్టి తను ఆ మాట అన్నది ఆమెకు గుర్తొచ్చింది. అనేసి బండెక్కి వెళ్ళిపోయింది. మాట మాత్రం ఇక్కడే ఉండిపోయి రోజూ భోజనానికి కూర్చుంది. అనుమానం పెరిగినకొద్దీ తను ఎక్కువసార్లు వచ్చింది. వచ్చినన్నిసార్లూ ఈ పిల్ల లేచి పోయింది.

అక్కడి నుంచి నేరుగా భర్తతో షెడ్డుకి వెళ్ళి స్కూటర్ స్టాండు వేసింది.

"సైలెన్సర్ మార్చు."

"ఇప్పుడా? చేతిలో రెండు బళ్ళున్నాయి."

"ఇప్పుడే."

"ఎవరైనా ఏమన్నా అన్నారా?"

"ఎవరూ ఏమీ అనలేదు. నాకే ఇవాళ వినిపించింది."

అతను ఆమె ముఖం చూసి, టోకెన్ మాట ఎత్తకుండా స్పానర్ అందుకున్నాడు. ఇంటికెళితే అత్తయ్య ఉలిక్కిపడింది. "దొంగలా వచ్చావేమే తల్లీ! టీ ఇంకా పెట్టనే లేదు."

ఆఫీసరు గదిలో ఆమె సంగతంతా చెప్పింది. అతను పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీశాడు.

"కారణం దగ్గర ఏం రాయమంటారమ్మా? సైలెన్సర్ అనా? పైవాళ్ళు నవ్వుతారు."

"నా పేరు రాయండి సార్. నవ్వితే నవ్వనివ్వండి. వంటక్కను మాత్రం కదపొద్దు. ఈ తూకం వదిలేసి, ఆ పై తూకం దాకా ఆ పిల్లను నాకు వదలండి."

"మీరేం చేస్తారు?"

"కూర్చుంటాను."

కుర్చీ అంచున, ఒక కాలు అప్పటికే తలుపు వైపు పెట్టి ఉన్న మనిషిని ఆఫీసరు పైనుంచి కిందిదాకా చూశాడు. "మీరా?" అని పైకే నవ్వేశాడు. నవ్వుతూనే సరేనన్నాడు.

మొదటి రోజులు కష్టంగా గడిచాయి. ఆమె చప్పుడు లేకుండా వచ్చి మూలన కూర్చునేది. పిల్లలు బిగుసుకుపోయేవారు. డబడబ ఈవిడే అని ఎవడో పిచ్చుక చెవిలో ఊదాడు. పిచ్చుక ఆమెను పరీక్షగా చూసి తేల్చేసింది: "కాదు. డబడబ చాలా పెద్దగా ఉంటుంది." దాంతో గది కాస్త వదులైంది. పాట మళ్ళీ మొదలైంది, సొన బొట్లు మళ్ళీ వెలిశాయి.

కూర్చోవడం ఆమెకు రాని విద్య. పిల్ల ఒక్క చెంచా నమిలేలోపు ఆమె మనసు వేరే వీధుల్లో వేరే వంటిళ్ళన్నీ తిరిగొచ్చేది. చెయ్యి సంచీ మీదికి పోయేది, వెనక్కి వచ్చేది. కాలి బొటనవేలు చెప్పులో దానంతటదే కొట్టుకునేది. ఎదురుగా చెంచా లేవడం, ఆగడం, తిరగడం, దిగడం. ఎండ కిటికీలోంచి జారి, నీలం గుడ్డ దాటి, ఎర్ర గుడ్డ దాటి, పళ్ళెం అంచు దాకా వచ్చేది.

రెండో తూకానికి ముల్లు ముందుకు కదిలింది. పెద్దగా ఏమీ కాదు, నర్సు కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూడాల్సినంత. వంటక్క పెరట్లోకి పోయి ముక్కు చీదింది. పొగ అంది. ఆ వేళప్పుడు పొయ్యి వెలగడం లేదు.

ఆ మర్నాడు కూడా ఆమె వచ్చి కూర్చుంది. పిచ్చుక పళ్ళెంలో నాలుగు మెతుకులు ఒక పక్కకు తోసి, గుడ్డు సంగతి చూస్తోంది. ఆ మెతుకుల్ని చూడగానే ఆమె నోటిదాకా ఆ పాత మాట వచ్చింది. మింగేసింది.

"నువ్వు వెళ్ళవా?" అంది పిల్ల.

"వెళ్తాగా. నువ్వు తినేశాక."

పిల్ల ఆలోచించింది. చెంచా పళ్ళెంలో పెట్టేసి, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, ఆమెకు ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"అయితే ఇంకా మెల్లిగా తింటా."