జిమల్‌గట్టలో మిగిలిపోయిన గేరు గుండు

పొద్దున ఆరింటికి మంచిర్యాలలో చెన్నూరు బస్సెక్కాను. సంచిలో పానాలు, స్పార్కు ప్లగ్గులు, ఒక తువ్వాల. రెండే సీట్లున్న, పైకప్పు విప్పుకునే పాత స్పోర్ట్స్ కారు ఒకటి జిమల్‌గట్టలో ఒక వరి రైతు దగ్గర ఉందని, ఒక్క భాగం కూడా మార్చలేదని తెలిసింది. అలాంటిదాని కోసం ఏళ్లుగా వెతుకుతున్నాను. తిరుగు ప్రయాణం అందులోనేనని ఇంట్లో ముందే చెప్పేశాను.

చెన్నూరులో దిగితే ప్రాణహిత వంతెన మీదుగా సిరొంచకు షేర్ ఆటోలు దొరుకుతాయి. సిరొంచలో పూరీ తిని జిమల్‌గట్టకు మహారాష్ట్ర ఎర్రబస్సు పట్టుకున్నాను. కండక్టరు టికెట్టు ధర మరాఠీలో చెప్పి, చిల్లర తెలుగులో అడిగాడు. ఇప్పపువ్వు మూటతో పక్కన కూర్చున్న ఆమె నా పని విని తెగ ఆశ్చర్యపోయింది.

"పాత కారుకోసం గింత దూరమొచ్చినవా? మంచిర్యాలల కొత్తయి దొర్కయా?"

దొరుకుతాయి గానీ ఇలాంటిది దొరకదన్నాను. ఆమె నమ్మలేదు.

కారు యజమాని లస్మన్న నడివయసులో దాన్ని అల్లపల్లి కలప కంట్రాక్టరు దగ్గర కొన్నాడట. ఇప్పుడు మోకాళ్లు వంగవు, అంత కిందికున్న సీట్లో కూర్చుంటే లేవలేడు. కొట్టంలో ఎర్రగా మెరుస్తున్న బండి చుట్టూ రెండుసార్లు తిరిగాను. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. చాయ్ చల్లారేలోపే బేరం కుదిరింది.

తాళంచెవి నా చేతికిచ్చి, లస్మన్న బండిలోకి వంగి గేరు రాడ్డు మీది చెక్క గుండును తిప్పి ఊడదీశాడు. అంగీ జేబులో వేసుకున్నాడు.

అది కంపెనీ నుంచి వచ్చిన గుండు. అది లేకపోతే పాత కార్ల వాళ్లెవరూ దీన్ని అసలు బండిగా లెక్కలోకి తీసుకోరు. నాకు చిర్రెత్తుకొచ్చింది. గుండు ఇవ్వకపోతే బేరమే వద్దన్నాను.

"ఎద్దునమ్మితె మెడకు కట్టిన తలుగు తాడు ఇస్తరా తమ్మీ? తలుగు ఇంట్ల ఉంటెనే కొట్టం ఖాళీ గాదు. కొనేటోడు తన తలుగు తనే తెచ్చుకుంటడు," అన్నాడు లస్మన్న. నా మీద కోపం కూడా లేదు ఆయనకు.

జేబులో ఆయన చెయ్యి ఆ గుండును తడుముతూనే ఉంది. అది అరిగింది కూడా ఆ అరచెయ్యి మేరకే. కొట్టం ఖాళీ చేసి, వట్టి చేతులతో ఇంట్లోకి పొమ్మని ఆ మనిషికి చెప్పడం నావల్ల కాలేదు. బండి తీశాను.

"మూడో గేరు జర మొండిది. గుంజకు, మెల్లగ నూకు," అన్నాడు వెనక నుంచి.

వట్టి ఇనుప రాడ్డు అరచేతిలో గుచ్చుకుంటుంటే తువ్వాల చుట్టుకున్నాను. సిరొంచ దాటి ప్రాణహిత వంతెన ఎక్కేసరికి పొద్దు వాలుతోంది. మూడో గేరు మెల్లగా నూకితే పడింది. చెన్నూరులో చాయ్‌కి ఆగితే జనం బండి చుట్టూ మూగి, ఆ తువ్వాల ఏందని అడిగారు. ఎద్దునే తెచ్చానని, తలుగు నేను చేయించుకోవాలని చెప్పాను. వాళ్లకు వెంటనే అర్థమైంది.

మంచిర్యాలలో టేకు గుండు చేయించుకుంటాను. ఎప్పుడైనా ఈ బండి అమ్మాల్సొస్తే మాత్రం, కొనేవాడు తన గుండు తానే తెచ్చుకోవాలి.