బస్సెక్కడ బయల్దేరింది?

స్టీల్‌ప్లాంటు కడతన్న రోజుల్లో, బడి మానేసి ఇసక మోసే మాలాంటి ఘనులకి గాజువాకలో ఒక చర్చి వరండాలో సాయంత్రం బడి నడిపేది మా టీచరమ్మ. మార్కులెన్నని అడిగేది కాదు. కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, "మొన్న ఏటొచ్చు, ఇవాళ ఏటొచ్చు?" అనేది.

ఒకరోజు ఇన్‌స్పెక్టరుగారు గంట ఆలస్యంగా, చెమటలు కక్కుతూ వచ్చారు. బడి ఉంచాలో మూసెయ్యాలో తేల్చేది ఆయనే. నా చేత రెండో తరగతి వాచకం చదివించారు. ఎడ్లబండి గట్టెక్కినట్టు చదివాను.

"మీసాలొచ్చాయి, చదువేమో రెండో తరగతి! ఈ బడి ఎందుకమ్మా?"

టీచరమ్మ కళ్లజోడు జారింది. "మీరు గంట ఆలస్యంగా వచ్చారు. ఫెయిల్ చేశామా అండీ? బస్సెక్కడ బయల్దేరిందని అడిగాం. భీమిలి నుంచన్నారు, మంచినీళ్లిచ్చాం. ఈడూ దూరం నుంచే వస్తన్నాడండి."

ఆయన నవ్వాపుకుని నాకేసి తిరిగారు. "ఇక్కడ చేరినప్పుడు నీకేం వచ్చురా?"

"అక్షరమ్ముక్క రాదండి. గోడ దూకి పారిపోడం మాత్రం ఫస్టు క్లాసుగా వచ్చండి."

"ఇప్పుడో?"

"అది మర్చిపోయాడండి," అంది టీచరమ్మ.

వరండా అంతా గొల్లున నవ్వింది, ఇన్‌స్పెక్టరుగారితో సహా.

"నడపండమ్మా. మళ్లీ వచ్చినప్పుడు ఇంకెంత దూరమొచ్చాడో చూస్తాను."

ఆవిడ దగ్గర నాను తప్పిన సబ్జెక్టు పారిపోడం ఒక్కటే.