మామూలు కళ్ళవాళ్ళ వరుసలో నా రక్తం

గవర్నర్‌పేటలో నేను పనిచేసే కంటి ఆసుపత్రిలో డాక్టర్లు కింద అంతస్తుల్లో ఉంటారు. మా ల్యాబ్ పైన. కింద వాళ్ళు రెటీనా చూస్తారు, పైన మేము రక్తం చూస్తాం. నేను డాక్టర్ని కాదు. కంటి వెనక ఉండే ఆ పల్చటి పొర కొన్ని కుటుంబాల్లో ఎందుకు పాడవుతుందో, ఏ జన్యువులో తప్పు దొర్లితే అలా అవుతుందో వెతకడం నా పని. చదువు అయిపోయిన దగ్గర్నుంచీ ఇదే చేస్తున్నాను.

అప్పట్లో కృష్ణా డెల్టాలోని కొన్ని కుటుంబాల మీద పనిచేస్తున్నాం. వాళ్ళలో ఒక జబ్బుంది. రేచీకటితో మొదలవుతుంది. తర్వాత చూపు అంచుల నుంచి మధ్యకి మెల్లగా మూసుకుంటూ వస్తుంది. కొందరికి చిన్నప్పుడే తెలుస్తుంది, కొందరికి నడివయసు వచ్చేదాకా తెలియదు. వాళ్ళందరిలో ఒకే జన్యువులో, తల్లి నుంచి ఒకటి తండ్రి నుంచి ఒకటిగా వచ్చే రెండు కాపీల్లోనూ, ఒకే తప్పు కనిపించింది. దాన్ని తొందరగా పట్టుకోవడానికి ఒక కొత్త పరీక్ష తయారు చేసుకున్నాం. పరీక్ష సరిగ్గా పనిచేస్తోందో లేదో తెలియాలంటే జబ్బున్నవాళ్ళ రక్తం పక్కన మామూలు కళ్ళవాళ్ళ రక్తం కూడా పెట్టి చూడాలి. దానికి బయటివాళ్ళను అడగడం ఎందుకని ల్యాబ్‌లో ఉన్నవాళ్ళమే తలా ఒక ట్యూబు ఇచ్చాం.

ఫలితాలు వచ్చిన రోజు నా దగ్గర పనిచేసే అమ్మాయి కంప్యూటర్ ముందు నుంచే పిలిచింది.

"మేడమ్, ఒకసారి ఇటు రండి. మనవాళ్ళలో ఒకరికి పాజిటివ్ చూపిస్తోందండీ. రెండు కాపీలూ."

"ట్యూబులు మారిపోయుంటాయమ్మా. మళ్ళీ చేద్దాం," అన్నాను.

నంబర్లు వేసింది నేనే. ఎవరిది ఏ నంబరో ఆ అమ్మాయికి తెలియదు, నాకు తెలుసు. కుర్చీ లాక్కుని కూర్చుని తెల్లకోటు చెయ్యి పైకి మడిచి, కొత్తగా రక్తం తియ్యమన్నాను. అప్పుడు అర్థమైంది తనకి. సూది పట్టుకుని నా మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.

"కానివ్వు, మధ్యాహ్నం శాంపిల్స్ ఇంకా చాలా ఉన్నాయి," అన్నాను.

రెండోసారీ అదే వచ్చింది. ఆ రోజు నేను చేసిన పనులన్నీ గుర్తున్నాయి. బాక్సు తెరిచి పెరుగన్నం తిన్నాను. బాక్సు కడిగి బోర్లించాను. ఎవరో ఫోన్ చేస్తే పరికరానికి కొత్త భాగం ఎప్పుడొస్తుందో మాట్లాడాను. ఏమీ అనిపించలేదు. అనిపించడానికి ఇంకా టైం పడుతుందేమో అనుకున్నాను.

మర్నాడు కింద రెటీనా డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. చాలా ఏళ్ళుగా కలిసి పనిచేస్తున్నాం కానీ ఆయన ముందు ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. కళ్ళలో చుక్కలు వేయించి, ఫోటోలు తీయించి, స్క్రీన్ నా వైపు తిప్పారు. చెప్పక్కర్లేదు. అంచుల్లో అక్కడక్కడా నల్లటి మచ్చలు. ఇలాంటి ఫోటోలు ఎన్ని చూశానో. ఇదీ వాటిలో ఒకటిలాగే ఉంది.

"చీకట్లో ఇబ్బంది లేదామ్మా మీకు?" అన్నారాయన.

"సినిమా హాల్లో సీటు దొరకడానికి కొంచెం టైం పడుతుంది సార్. అందరికీ అంతే అనుకున్నాను."

ఆయన ఫోటోలు ఇంకోసారి పెద్దవి చేసి చూశారు. తర్వాత, "ఇందులో మీ తప్పేమీ లేదు. ఇది చాలా నెమ్మదిగా నడిచే జబ్బు. చేయగలిగిన పనులు ఇంకా చాలా ఏళ్ళు చేసుకోవచ్చు," అన్నారు. ఆ వాక్యాలు మా ఆసుపత్రి పేషెంట్లకిచ్చే కరపత్రంలోవి. ఆ కరపత్రం రాసింది నేనే. ఆ సంగతి ఆయనకి గుర్తున్నట్టు లేదు.

మందు సంగతి ఆయన ఎత్తలేదు, నేను అడగలేదు. ఇలాంటి జబ్బుల్లో ఒక జన్యువుకి మాత్రం విదేశాల్లో చికిత్స ఉంది. సరైన జన్యువును కంటి వెనక్కి సూదితో ఎక్కిస్తారు. ఆ జన్యువు మాది కాదు. మా జన్యువు మీద పనిచేసేవాళ్ళు ఎక్కువమంది లేరు. ఉన్న కొద్దిమందిలో నేనొకదాన్ని.

చుక్కల వల్ల బయట వెలుతురు భరించలేకపోయాను. కొంగు నెత్తి మీదికి లాక్కుని ఆటోలో పటమటలోని మా ఇంటికి వెళ్ళాను. మావారు బ్యాంకు నుంచి వచ్చాక చెప్పాను. ఆయన షూ విప్పుతూ విన్నారు. ఒక షూ విప్పి రెండోది మర్చిపోయి, అలాగే కూర్చున్నారు.

"రేపట్నుంచి స్కూటీ తియ్యొద్దు. నేను దింపుతా," అన్నారు చివరికి.

తర్వాత ఆయన కూడా పరీక్ష చేయించుకున్నారు. ఆయనలో ఆ తప్పు లేదు. మా ఒక్కగానొక్క కూతురికి నా కాపీ ఒకటి తప్పకుండా వెళ్ళి ఉంటుంది గానీ, ఒక్కటే కాబట్టి దాని కళ్ళకి ఏమీ కాదు. ఈ లెక్క పేషెంట్లకి ఎన్నోసార్లు చెప్పాను. ఇంట్లో ఒక్కసారే చెప్పాను.

కంకిపాడు వెళ్ళి అమ్మకి, తమ్ముడికి చెప్పాలి. నాన్న పోయాక అమ్మ తమ్ముడి దగ్గరే ఉంటోంది. తమ్ముడిది ఎరువుల దుకాణం. మావారూ నేనూ వెళ్ళేసరికి అమ్మ దొండకాయలు తరుగుతోంది. చెప్పిందంతా విని, "మా పుట్టింటి వైపు నుంచా, మీ నాన్న వైపు నుంచా?" అంది.

"రెండు వైపుల నుంచీ అమ్మా. మీది మేనరికం కదా. చెరొకటి ఇచ్చారు."

"మేం బాగానే ఉన్నాం కదే?"

"ఒక్కటే ఉంటే ఏమీ కాదు. రెండూ ఒకరికే వస్తే అవుతుంది."

అమ్మ మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. కాసేపటికి, "మీ తాతయ్య పొద్దుగూకితే గడప దాటేవాడు కాదు. పిరికివాడని నవ్వుకునేవాళ్ళం," అంది.

తమ్ముడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నువ్వు కూడా చేయించుకోవాలిరా అన్నాను.

"తెలుసుకుని ఏం చెయ్యాలక్కా? మందుందా?"

"లేదు."

"మరి?"

దానికి నా దగ్గర జవాబులున్నాయి. బండి నడపడం గురించి, పని గురించి, ముందు ముందు పిల్లల పెళ్ళిళ్ళ గురించి. అన్నీ వరసగా చెప్పాను.

"ఆసుపత్రిలో చెప్పినట్టు చెబుతున్నావు. నేను మాత్రం చేయించుకోను," అని దుకాణం తియ్యాలంటూ వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత చాలా నెలలు వాడు ఆ మాట ఎత్తలేదు. ఫోన్ చేసినా వానల గురించి, యూరియా దొరక్కపోవడం గురించి మాట్లాడేవాడు. నేనూ అడగలేదు. ఒక మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా ల్యాబ్‌కి వచ్చాడు. చొక్కా చెమటతో వీపుకి అంటుకుపోయింది.

"నిన్న సాయంత్రం కాలవ గట్టు మీద వస్తున్నా. లైట్లు లేని ట్రాక్టరు. దగ్గరికొచ్చేదాకా చూసుకోలేదు. బండి పక్కకి కోసేశా కాబట్టి సరిపోయింది," అన్నాడు.

"లైట్లు లేకపోతే ఎవరికీ కనపడదురా."

"అదే చెప్పుకుంటున్నా. కనపడలేదో, పరధ్యానంలో ఉన్నానో తెలీట్లేదు. నువ్వు చెప్పినప్పట్నుంచీ రోజూ పొద్దుగూకగానే చెయ్యి పక్కకి పెట్టి కనిపిస్తోందా లేదా అని చూసుకుంటున్నా. ఇంక నా వల్ల కాదు. తీసెయ్ రక్తం."

నేనే తీశాను. సూది దిగుతుంటే వాడు చిన్నప్పటిలాగే మొహం అటు తిప్పుకున్నాడు.

వాడిలో ఒకటే ఉంది. అమ్మలాగే, నాన్నలాగే. కళ్ళకి ఏమీ కాదు. ఫోన్ చేసి చెప్పాను. అవతల ఎవరో డీఏపీ కట్టల గురించి అడుగుతున్నారు. వాడు ఏడుస్తున్నాడు.

"మరి నీకేంటక్కా ఇలా?" అన్నాడు.

"పనుందిరా, తర్వాత మాట్లాడతా," అన్నాను.

ఫోన్ పెట్టేశాక కూర్చున్నాను. సంతోషం వస్తుందేమోనని చూశాను. దాని వెనకే ఏడుపు వస్తుందేమోనని కూడా చూశాను. రెండూ రాలేదు. కిటికీ అవతల హోల్‌సేల్ దుకాణాల ముందు బట్టల మూటలు దించుతున్నారు. లేచి గ్లవ్స్ వేసుకున్నాను.

ఇప్పటికీ అదే ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. నా చూపు అంచులు కాస్త తగ్గాయని పోయినసారి పరీక్షలో తేలింది. టేబుల్ మూలలు తొడకి తగులుతున్నాయి. పేషెంట్లతో మాట్లాడే పని మొత్తం ఇప్పుడు నాదే. మాకున్నదే మీకూ ఉందటగా అని వాళ్ళలో ఒకావిడ అడిగితే ఉందన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. చెయ్యి ఎప్పుడు వెనక్కి తీసుకోవాలో నాకు తెలియలేదు.

అమ్మని చూడ్డానికి వెళ్ళాలంటే తమ్ముడే కారు తెస్తాడు. మొన్న దిగేసరికి మసక వెలుతురు. వాడు తలుపు తీసి నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఇక్కడ మెట్టుందక్కా."

"కనిపిస్తోందిరా," అన్నాను. నిజంగానే కనిపించింది.

"సరే. ఇంకోటుంది," అన్నాడు వాడు.