ఓటియం కుర్చీలు

సోఫాలకూ కుర్చీలకూ కుషన్లు కుట్టడంలో మా మేనమామ మొనగాడు. ఆయన కుట్టిన సోఫాలో కూర్చున్న ఒక వకీలు లేవబుద్ధి కాక కోర్టుకే వెళ్లడం మానేశాడు. నమ్మకపోతే మీ ఇష్టం, నేను పక్కనే ఉన్నాను. చదువు నన్ను పదో తరగతిలోనే వదిలించుకుని ఊపిరి పీల్చుకుంది కాబట్టి ఆ కొట్లో సూదీ దారం నావే.

అంతటి పనిమంతుడికి ఒక లాటిన్ మాట పట్టుకుంది. పడక్కుర్చీ బాగుచేయించుకోవడానికి వచ్చిన పాత మాస్టారొకాయన అంటించి పోయాడు. ఓటియం అంటే తీరిక. పనీపాటా లేక దొర్లడం కాదు. బాధ్యతలు తీర్చుకున్న రోమన్లు చదువుకోవడానికీ ఆలోచించుకోవడానికీ అట్టిపెట్టుకునే తీరిక. యుద్ధం లేని శాంతికాలాన్నీ ఆ మాటతోనే పిలిచేవారట. వ్యాపారానికి వాళ్ల మాట నెగోటియం, అంటే తీరిక కానిది.

"చూశావా అల్లుడూ! వాళ్లకి తీరికే అసలుది. అది లేకపోవడమే పని!"

ఇక స్ప్రింగు విరిగిందని వచ్చినవాడికీ ఓటియమే, జిప్పు ఊడిందని వచ్చినవాడికీ ఓటియమే. వినలేక బేరాలు ఎదురు కొట్టుకు పోయాయి.

అప్పుడు మోకాళ్ల డాక్టరమ్మ తన కొత్త ఆసుపత్రి వరండాకు కుర్చీలు అడిగింది. నమూనా నచ్చితే మొత్తం మాకే.

"ఇది పోతే షట్టరు దించేయడమే. మా అన్నయ్య ఫ్యాక్టరీలో డబ్బాలకి టేపులు అంటించుకుందాం," అంది అత్తయ్య.

మామయ్య నమూనా కుర్చీలో స్పాంజి మీద స్పాంజి కూరుతున్నాడు.

"ఇంత మెత్తగా ఎందుకు మామయ్యా?"

"కూర్చున్నవాడికి ఓటియం తెలియాలిరా!"

డాక్టరమ్మ వచ్చి కూర్చుంది. ఎంత లోతుకు దిగిందంటే, కాసేపు కళ్లజోడు మాత్రమే పైకి కనబడింది. లేవబోయింది. కుదరలేదు. నేనో చెయ్యి, అత్తయ్యో చెయ్యి పట్టుకుని బయటికి లాగాం.

"నా దగ్గరికొచ్చేది మోకాళ్లు పట్టేసినవాళ్లయ్యా! వాళ్లని లేపడానికి క్రేను పెట్టుకోనా? ఎదురు కొట్టు చూసుకుంటాలే."

"అది కాదు డాక్టరమ్మా, ఓటియం అంటే..."

"ఏవండీ!" అత్తయ్య అరుపుకు కుట్టుమిషను కూడా ఆగింది. "నా పేరెప్పుడు పిలుస్తారా అని తలుపు వంక చూస్తూ, నొప్పితో కూర్చున్నవాడికి తీరికేంటి? మీ రోమనువాళ్లు దాన్ని కూడా ఓటియమే అన్నారా?"

మామయ్య కుర్చీలో పడ్డ గుంటకేసి చూశాడు.

"అనరు," అన్నాడు. "ఎదురుచూపు తీరిక కాదు."

కత్తెర అందుకుని సీటు చీల్చాడు. మెత్తటి స్పాంజి పీకేసి గట్టిది పెట్టాడు, కింద చెక్క వేసి ఎత్తు పెంచాడు. అత్తయ్య బతిమాలి ఆపితే స్టూలు మీద గొణుక్కుంటూ కూర్చున్న డాక్టరమ్మ వచ్చి అందులో కూర్చుంది. లేచింది. మళ్లీ కూర్చుని మళ్లీ లేచింది.

"సరే, మిగతావన్నీ ఇలాగే కానివ్వండి."

కొట్టు నిలబడింది. అయితే మిగతావన్నీ ఈ మహానుభావుడు ఆత్రం కొద్దీ ముందే మెత్తగా కుట్టేసి వెనకగదిలో గుట్టగా పేర్చాడు. అత్తయ్య ఆ గుట్టకేసి చూసి, కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టింది.

మామయ్యేమో డాక్టరమ్మను కారు దాకా సాగనంపుతూ నెగోటియం మొదలుపెట్టాడు.

"మామయ్యా, ముందు ఇటు తగలడు!"